పన్నెండో మెట్టు

పెళ్లిళ్ల బ్యాండులో బేస్ గిటార్ వాయిస్తానని చెబితే సూర్యాపేటలో అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు: నాలుగే తీగలున్నాయేం, మిగతా రెండూ తెగిపోయాయా? బేస్ గిటారుకు ఉండేవే నాలుగని, పాట నిలబడే నేలను పరిచేది అవేనని మొదట్లో ఓపిగ్గా వివరించేవాణ్ని. ఇప్పుడు అవును, తెగిపోయాయి అంటున్నాను. అడిగినవాళ్లు జాలిపడి వెళ్లిపోతారు. నాకూ ప్రాణం హాయిగా ఉంటుంది.

నేను వారమంతా ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెబుతాను. ఫంక్షన్లున్న రోజుల్లో బ్యాండుతో వెళతాను. మేం నలుగురం. కీబోర్డు వాయించే ఆయనే మా నాయకుడు, మగ గొంతు పాటలూ ఆయనవే. ప్యాడ్ల మీద తాళం వేసే ఆయన ఒకరు. నిడమనూరు నుంచి బస్సులో వచ్చి పాడే ఆమె ఒకరు. ఆమె ఇంట్లో జాకెట్లు కుడుతుంది. ఆరేళ్లుగా మాతో పాడుతోంది. నాలుగోవాణ్ని నేను.

నన్ను వాళ్లు దొర అంటారు. అందులో సగం మర్యాద, సగం ఎగతాళి. నడిగూడెం వైపున్న మా ఊళ్లో మా తాతగారు గుర్రం మీద వస్తుంటే జనం అరుగుల మీద నుంచి లేచి నిలబడేవారట. ఆ పొలాలు ఇప్పుడు ఎవరెవరివో. నేను సూర్యాపేటలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉంటాను. కానీ వంగి నిలబడటం నాకు చేతకాదు. మిగతా గిటారు వాళ్లు నడుము కిందికి వేలాడేసి వాయించే వాయిద్యాన్ని నేను ఛాతీ దగ్గర పెట్టుకుని వాయిస్తాను. బేస్‌ను ఎంచుకోవడంలోనూ అదే కారణం ఉంది. వెనక నిటారుగా నిలబడవచ్చు, జనం ముందుకు వచ్చి నవ్వనక్కర్లేదు.

మా ఇంటి ఆస్తుల్లో నాకు మిగిలింది ఆయుధ పూజ ఒక్కటే. తాతగారి తుపాకులూ లేవు, కత్తులూ లేవు. అందుకని గిటారుకు చేస్తాను. మా ఇంట్లో ఒక నియమం ఉండేది. తుపాకుల తోలు పట్టీలు, కత్తి పిడులకు చుట్టిన తాళ్లు దసరాకే మార్చాలి. అష్టమి నాడు పాతవి విప్పాలి, మూడు రోజులు దీపం ముందు ఉంచాలి, దశమి నాడు కొత్తవి కట్టాలి. మధ్యలో మార్చకూడదు. నేను దాన్ని అక్షరం పొల్లుపోకుండా గిటారుకు వర్తింపజేశాను. ఏడాదికి ఒకసారి, దసరాకే కొత్త తీగలు. వేసవికల్లా అవి మూగబోయి, ప్రతి స్వరమూ తడిగుడ్డ కింద నుంచి వచ్చినట్టు వచ్చేది.

"దొరా, తీగలు సచ్చిపోయినయ్. జర మార్చుకోరాదు?" అని నాయకుడు బతిమాలేవాడు.

"దసరాకు."

"దసరాకు ఇంకా ఐదు నెలలున్నది!"

"ఉంటే ఉండనీ."

ఈ విషయంలో ఆయన నాతో పడ్డ అవస్థ గురించి రాయాలంటే ఆయనే రాయాలి. నేను రాయాల్సింది మొన్నటి దసరా తర్వాత జరిగిన దాని గురించి.

ఆ దసరాకు నాకు అలవాటైన తీగలు దొరకలేదు. దుకాణంలో ఉన్నవి కాస్త సన్నవి. తీగ తీగే కదా అనుకుని తెచ్చాను. అష్టమి నాడు నాలుగు పాత తీగలూ విప్పేశాను. మెడకు నువ్వుల నూనె రాశాను. పసుపు, కుంకుమ పెట్టి, దీపానికి దగ్గరగా గోడకు ఆనించాను. దశమి నాడు జమ్మి తెచ్చుకుని, స్నానం చేసి, కొత్త తీగలు కట్టాను. మీటగానే కింది మెట్ల దగ్గర ప్రతి స్వరమూ ఈగలు ముసిరినట్టు జుమ్మంది. గిటారు మెడ మీద అడ్డంగా బిగించిన లోహపు పట్టీలను మెట్లంటారు. తీగ వాటికి తగిలి కొట్టుకుంటోంది.

ఆ జుమ్మనడం నాకు అవమానంగా తోచింది. మెడ ఎలా ఉందో చూడాలన్న ఆలోచనే రాలేదు. తీగలు కూర్చునే చివర చిన్న చిన్న ఇత్తడి దిమ్మెలుంటాయి, వాటిని మరతో పైకి లేపవచ్చు. లేపాను. జుమ్మనడం ఆగింది. తీగలు మెట్ల నుంచి ఎంత ఎత్తున నిలిచాయంటే నొక్కితే వేళ్లు నొప్పి పుట్టేవి. నొప్పిని భరించడం గొప్పనుకునే వంశం మాది. భరించాను. శబ్దం మాత్రం పలచబడింది. అందుకని డబ్బా పెంచాను. డబ్బా అంటే నా గిటారు శబ్దం వచ్చే స్పీకరు పెట్టె. వేదిక మీద అది ఎప్పుడూ పాడే ఆమె పక్కనే ఉంటుంది. కీబోర్డు ఆ చివర.

హుజూర్‌నగర్‌లో ఒక ఓణీల ఫంక్షన్‌లో గొడవ మొదలైంది. ఆమె పాట పైస్థాయికి వెళ్లేసరికి శ్రుతి కాస్త పక్కకు జరిగింది. పాట అయ్యాక నాయకుడు మైకు చేత్తో మూసి అన్నాడు. "ఏమైందక్కా? గొంతు ఎటో పోతున్నది."

"నేను మంచిగనే పాడిన."

"నా చెవులు చెడిపోయినయా మరి?"

తర్వాత సూర్యాపేటలో రెండు ఫంక్షన్లు. రెండింటిలోనూ అదే. ఆమె కషాయం తాగి వచ్చింది, ఉప్పునీళ్లు పుక్కిలించింది, పాట మొదలుపెట్టే ముందు చెవి మూసుకుని సవరించుకుంది. ఎంత జాగ్రత్త పడితే అంత తప్పింది. నాయకుడు నా వైపు తిరిగి, "దొరా, మీ తీగలు సరిగ్గున్నయా?" అని ఒక్కసారి అడిగాడు. నేను గిటారు తలకు తగిలించిన చిన్న శ్రుతి యంత్రం చూపించాను. వేలు పెట్టకుండా నాలుగు తీగలూ మీటితే నాలుగింటికీ పచ్చ లైటు వెలిగింది. ఆయన ఇంకేం అడగలేదు. నన్ను అడగడమే తప్పన్నట్టు నేనూ చూశాను. ఆ చూపు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

నెల తిరిగేసరికి నాయకుడు నాతో విడిగా చెప్పాడు. "ఇగ ఈమెతోని అయితలేదు దొరా. మిర్యాలగూడ రిసెప్షన్ అయినంక ఖతం. ఖమ్మం దిక్కున ఒకామెను అడిగిన."

"చూడండి మీ ఇష్టం" అన్నాను. అది నా వ్యవహారం కాదనుకున్నాను. శ్రుతి తప్పుతుందన్న పేరుతో ఒక బ్యాండు నుంచి వెళ్లిన గాయనిని ఈ చుట్టుపక్కల ఇంకే బ్యాండూ పిలవదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఆ రోజు దాని గురించి అంతకు మించి ఆలోచించలేదు.

మిర్యాలగూడ ఫంక్షన్ గురువారం. ఆ ముందు ఆదివారం కోదాడ వెళ్లాను. ఆమె కోసం కాదు, నా గిటారు శబ్దం పలచబడిందని. కోదాడలో ఒక మోటార్ వైండింగ్ షాపతను గిటార్లు కూడా బాగుచేస్తాడు. ఆదివారం చర్చిలో బేస్ వాయిస్తాడు, వచ్చాక షాపు తీస్తాడు. కాలిపోయిన బోరు మోటార్లు, రాగి తీగ చుట్టలు, వార్నిష్ వాసన. గిటారులో తీగల కంపనాన్ని పట్టే పికప్ కూడా అయస్కాంతం చుట్టూ చుట్టిన రాగి తీగే కనుక ఆ పని అతనికి కొత్త కాదు.

నేను స్టూలు మీద నిటారుగా కూర్చుని నా గిటారు ఒళ్లు ఎంత బరువైన చెక్కతో చేసిందో చెప్పాను. అతను వేలితో కొట్టి విన్నాడు.

"చెక్క మంచిదేనండి. బరువు ఉంటే స్వరం ఎక్కువసేపు నిలబడుద్ది. కానీ సార్, ముందు మెడ చూడాలి. మెడ పాడైతే ఈ బరువంతా మీ భుజానికే."

మెడను కంటి దగ్గర పెట్టుకుని, తుపాకీ గురి చూసినట్టు చూశాడు. "వెనక్కి వంగిపోయిందండీ. తీగలన్నీ ఒకేసారి తీసేశారా?"

"మూడు రోజులు."

"మూడు రోజులా! ఎందుకండీ?"

చెప్పాను. మెడ లోపల ఒక ఇనుప కడ్డీ ఉంటుంది, అది మెడను వెనక్కి లాగుతుంది, తీగలు ముందుకు లాగుతాయి, రెండూ సమానంగా లాగితేనే మెడ తిన్నగా ఉంటుంది. అతను చెప్పింది ఇంతే. నేను ఒక వైపు లాగేవాళ్లను మూడు రోజులు సెలవు మీద పంపి, తర్వాత బలహీనులను తెచ్చి నిలబెట్టాను. పైగా దీపం వేడి, నూనె. పికప్ విప్పి చూసి అతను బ్రష్ తీశాడు.

"ఎర్రగా ఉందేంటండీ? తుప్పా?"

"కుంకుమ."

చాలా మర్యాదగా, చాలాసేపు దులిపాడు. నేను గోడ మీది క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాను.

తర్వాత నన్ను వాయించమన్నాడు. ముందు వేలు పెట్టకుండా మీటమన్నాడు. పచ్చ లైటు. తర్వాత అదే తీగను పన్నెండో మెట్టు దగ్గర నొక్కి మీటమన్నాడు. పన్నెండో మెట్టు తీగకు సరిగ్గా సగంలో ఉంటుంది. సగం తీగ అదే స్వరాన్ని పైస్థాయిలో పలకాలి. ఇది లెక్క. పిల్లలకు భిన్నాలు చెప్పేటప్పుడు నేను ఉదాహరణగా చెప్పే లెక్క. లైటు ఎర్రబడింది. ముల్లు శ్రుతి దాటి పైకి పోయి నిలబడింది. నాలుగు తీగలూ అంతే.

"తీగ ఇంత ఎత్తున ఉంటే నొక్కినప్పుడు సాగుద్ది కదండీ. సాగితే శ్రుతి పైకి పోద్ది. పైమెట్లకి వెళ్లే కొద్దీ ఎక్కువ" అన్నాడు. నా ఎడమ చేతిని కాసేపు చూసి, "దానికి తోడు మీరు తీగను నొక్కట్లేదు సార్, అణిచేస్తున్నారు" అన్నాడు.

ఆ మాటలో మా వంశం గురించి ఏమైనా ఉందేమోనని అతని ముఖం చూశాను. లేదు. అతను మెట్లే చూస్తున్నాడు.

"వేలు పెట్టని ఖాళీ తీగ సరిగ్గా ఉంది కదా" అన్నాను. నాకే సిగ్గేసే గొంతుతో.

"పాటంతా ఖాళీ తీగ మీదే వాయిస్తారా అండీ?"

అప్పుడు నాకు వేదిక కనిపించింది. నా డబ్బా ఆమె చెవి పక్కన. శబ్దం పలచబడిందని నేనే పెంచిన డబ్బా. పాట పైకి వెళ్లినప్పుడు నేనూ పైమెట్లకు వెళతాను, శ్రుతి దాటతాను, ఆమె తన పక్కన వినిపించే నేల మీదే కదా నిలబడుతుంది, నాతో పాటు దాటుతుంది. ఆ చివర కీబోర్డు సరైన శ్రుతిలో ఉంటుంది. లోతైన శబ్దం కాస్త జరిగితే ఎవరికీ తెలియదు, మనిషి గొంతు జరిగితే ఫంక్షన్ హాలంతటికీ తెలుస్తుంది. నెల రోజులుగా ఆమె నా తప్పును నమ్మకంగా పాడుతోంది.

అతను మందమైన తీగలు తీశాడు.

"ఇప్పుడు దసరా కాదు కదా" అన్నాను. అలవాటు.

"మోటారు కాలితే రైతు దసరా దాకా ఆగుతాడా సార్?"

మార్చమన్నాను. ఒక్కొక్క తీగే తీసి, దాని చోట కొత్తది కట్టాక రెండోది తీశాడు. లోపలి కడ్డీని పావు చుట్టు వదులు చేసి, దిమ్మెలను దింపి, వెనక్కి జరిపి, పన్నెండో మెట్టు దగ్గర కూడా పచ్చ లైటు వచ్చేదాకా సవరించాడు. తీగలు దిగి పికప్‌కు దగ్గరయ్యాయి, శబ్దం మళ్లీ ఒళ్లు పట్టింది. ఇంత మెత్తగా పలికే వాయిద్యాన్ని నేను నెల రోజులు అణిచి చంపానన్నమాట.

ఆ సాయంత్రమే నాయకుడికి ఫోన్ చేయాలి. చేయలేదు. ఎదురుగా చెప్పడం పద్ధతి అనుకున్నాను. సోమవారం బడి, మంగళవారం ఒంట్లో బాగాలేదు, బుధవారం ఎలాగూ రేపే కదా అనిపించింది. ఇవన్నీ కారణాలని అప్పుడు నిజంగానే నమ్మాను.

గురువారం మధ్యాహ్నం మిర్యాలగూడలో, రైస్ మిల్లుల ఊక గాలి కొడుతున్న ఫంక్షన్ హాల్లో, అతిథులు రాకముందు సౌండ్ చెక్ చేసుకున్నాం. ఆమె పాడింది. గొంతు తీగలా తిన్నగా వెళ్లింది.

నాయకుడు కీబోర్డు మీద నుంచి చేతులు తీశాడు. "ఇయ్యాల గింత మంచిగ పాడుతున్నవ్. నెల సంది ఏడ వెట్టినవ్ ఈ గొంతు?"

ఆమె మైకును స్టాండుకు తగిలించింది. ఖమ్మం గాయని సంగతి ఆమెకు తెలిసిపోయిందని ముఖం చూస్తేనే అర్థమైంది.

"ఆమె తప్పు కాదు. నా గిటారు తప్పు. పైమెట్ల మీద శ్రుతి దాటిపోయేది. ఆమె నన్ను విని పాడింది" అన్నాను.

నాయకుడు నవ్వాడు. "ఊకోండి దొరా. మీ మర్యాద మాకెర్క లేదా? ఆమె పోతాందని తప్పు మీ మీదేసుకుంటున్నరు."

"మర్యాద కాదు, నిజం."

"పచ్చ లైటు నేనే సూసిన కదా!"

ప్యాడ్ల ఆయన కూడా, "పెద్దింటి గుణం గట్లనే ఉంటది" అని తలూపాడు. జీవితంలో మొదటిసారి నా పుట్టుక మీద నాకు విసుగు పుట్టింది. అబద్ధపు పచ్చ లైటు చూపిస్తే నమ్మారు. నిజం చెబితే గొప్పతనం అంటున్నారు. లెక్కల మాస్టర్ని, నిరూపించకుండా ఎవరినీ ఒప్పించలేను. నిరూపించే దారి ఒక్కటే ఉంది.

సంచిలోంచి మర తిప్పే కీ తీశాను. కోదాడ అతను గంటన్నర కూర్చుని చేసిన సవరింపును నా చేతులతోనే పాడు చేశాను. దిమ్మెలను మళ్లీ లేపాను, ముందుకు జరిపాను, ఖాళీ తీగలు శ్రుతి చేశాను. నాలుగు పచ్చ లైట్లు. నాయకుడికి చూపించాను.

"ఇప్పుడు మీరు ఒక్కరే వాయించండి, ఆమె పాడుతుంది."

సరిగ్గా వచ్చింది.

"ఇప్పుడు నేను ఒక్కణ్ని."

నేను పైమెట్లకు వెళ్లాను, ఆమె నాతో వచ్చింది. మాకు మేం బాగానే ఉన్నాం.

"ఇప్పుడు ముగ్గురం."

మొదటి చరణం దాటకముందే నాయకుడు ముఖం చిట్లించాడు. ఆపమని చెయ్యెత్తి, నా పక్కకు వచ్చి, పన్నెండో మెట్టు దగ్గర తానే నొక్కి మీటాడు. ఎర్ర లైటు వైపు చాలాసేపు చూశాడు. హాల్లో కుర్చీలు సర్దుతున్నవాళ్లు, పూలు కడుతున్నవాళ్లు పని ఆపి నన్నే చూస్తున్నారు.

"ఓరి దేవుడా! నెల దినాలు ఆమెను తిట్టిన కదా దొరా!" అన్నాడు.

నేను ఆమె వైపు తిరిగాను. కృతజ్ఞత లాంటిది ఏదో ఆశించాను కాబోలు.

"ఎప్పటి సంది ఎర్క సార్ మీకు?" అంది.

"ఆదివారం నుంచి."

"ఇయ్యాల బేస్తారం."

నేను డబ్బా శబ్దం తగ్గించాను.

"నాలుగొద్దులు. నా గొంతు పోయిందని డాక్టర్ తాన కూసున్న నిన్న. మిషన్ మీద కూసుంటే పాదం ఆడలే. ఒక్క ఫోన్ చేస్తే ఏంబోయేది సార్?"

నాయకుడు మధ్యలోకి వచ్చాడు. "పోనీయక్కా. ఖమ్మం ఆమెకు వద్దని జెప్త. నువ్వే ఉంటవు. ఆదివారం సూర్యాపేట ప్రోగ్రాంకు నాలుగింటికి రా."

"వస్త. కానీ ఆ డబ్బా నా పక్కన ఉంటే పాడ. నీ పక్క వెట్టుకో. ఇయ్యాల్టి సందే."

డబ్బా బరువైనది. ఎప్పుడూ ఆటో డ్రైవరో, హాలు మనుషులో మోస్తారు. నాయకుడు వంగబోతే వద్దన్నాను. నేనే వంగి, రెండు చేతులా పట్టుకుని, ఛాతీకి ఆనించుకుని వేదిక ఈ చివర నుంచి ఆ చివరకు మోశాను. మధ్యలో ఒకసారి దించుకోవాల్సి వచ్చింది. ఆమె అక్కడే నిలబడి చూసింది. తర్వాత వేదిక అంచున కూర్చుని దిమ్మెలను మళ్లీ సవరించాను. ఖాళీగా ఒకసారి, పన్నెండో మెట్టు దగ్గర ఒకసారి, ఒక్కొక్క తీగా. అతిథులు వచ్చేస్తున్నారు. కొందరు నా నాలుగు తీగలూ లెక్కపెడుతున్నట్టు చూశారు, పట్టించుకునే తీరిక లేదు.

పాట మొదలైంది. డబ్బాతో పాటు నేనూ కీబోర్డు పక్కకు చేరాను. ఇక్కడి నుంచి ఆమె గొంతు నాకు సరిగా వినిపించడం లేదు, అంతా కీబోర్డు మోతే. ఆమె ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో, పాటను ఎక్కడ ఎత్తుకుంటుందో తెలియడం లేదు. చిరాకొచ్చింది. చేసేదేమీ లేక మెడ పక్కకు వంచి, ఆమె భుజం ఎప్పుడు లేస్తుందా అని చూస్తూ వాయించాను. లేచినప్పుడల్లా స్వరం మార్చాను. రిసెప్షన్ అయిపోయేదాకా ఆమె ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు.